భారత జపానుల వస్త్రసంధి

వర్తకమున మితి యను శబ్ద ముచ్చరించుట సులభము. దేనికి మితి, యెంత మితి, యెవరి మేలునకు మితి యను మూఁడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట మాత్రము సులభము కాదు. 1934వ సంవత్సరపు భారత జపానుల వస్త్రసంధి యిందులకు మంచి నిదర్శనము.

1904వ సంవత్సరపు టొడంబడిక ననుసరించి యీ రెండు దేశములును సుంకముల విషయమున నొండొంటికి నానుకూల్యము చూపవలసియుండెను. 1931 డిసెంబరులో జపాను సువర్ణప్రమాణమును విడిచిన పిమ్మట నా దేశపు నాణెము వెల దిగజాఱెను. దానితోడ నచ్చటి నూలుబట్ట లత్యల్పమూల్యమునకు మన యంగళ్లఁ జేరెను. మిల్లుల యజమానులు మొఱపెట్టిరి. ప్రభుత్వము బ్రిటిషేతర వస్త్రములపై సుంకమును 1932 ఆగస్టులో నూటికి 50కిని, 1933 జూనులో 75కిని బెంచెను. అంతకుమున్నే యేప్రిలులోఁ బూర్వపు టొడంబడికను రద్దుచేయుచున్నట్లు తెలియఁజేసెను. జపాను మిల్లులు భారతదేశపుఁ బ్రత్తిని గొనుట మానెను. బట్టకుఁ దలుపు మూసినచోఁ బ్రత్తికిని దారి మూసికొనునని యప్పుడు స్పష్టమయ్యెను.

1933 సెప్టెంబరులో సిమ్లాలో సంప్రదింపు లారంభమయ్యెను. భారతప్రభుత్వపక్షమున సర్ జోసెఫ్ భోరును, జపానుపక్షమున సవాడాయుఁ బ్రముఖులు. 1934 జనవరిలో సమాధానము కుదిరెను. జూలైలో లండనునందు సంధిపత్రముపై సంతకములయ్యెను.

సంధిస్వరూప మిది. జపాను సంవత్సరమునకుఁ 10 లక్షల బేళ్ల ప్రత్తి కొన్నచో 32 కోట్ల 50 లక్షల గజముల బట్టను బంపవచ్చును. అంతకు మించి కొన్న ప్రతి 10,000 బేళ్లకును 15 లక్షల గజము లధికము. 15 లక్షల బేళ్లకు 40 కోట్ల గజములు పరమావధి. సుంకము 50కి దిగెను. కోరా, అంచుకోరా, చలువబట్ట, రంగుబట్ట యని వస్త్రమును నాలుగు తెగలుగా విభజించి, తెగతెగకు వేఱువేఱ భాగమును నిర్ణయించిరి.

ఇచ్చట లక్షణవిచార మావశ్యకము. లక్షణమున కవ్యాప్తిదోషము తగిలినచో లక్ష్యము జాఱిపోవును. సంధిలోని వస్త్రలక్షణము తానులకే వర్తించెను, తునకలకు వర్తింపలేదు. కృత్రిమపట్టును దాని వెలుపలనే నిలిచెను. కావున నీ మార్గములఁ జపాను సరకు విరివిగా వచ్చెను. 1937లో సంధిని మరల వ్రాసినపుడు తునకలకును మితి విధింపవలసివచ్చెను. బర్మా వేఱుపడుటచే బట్ట పరిమాణమును దగ్గించిరి.

ఫలమును విచారింతము. ప్రత్తిరైతునకుఁ గొనువాఁడు దొరకెను. మిల్లునకు రక్ష లభించెను. సంధిలో గజములకును బేళ్లకును లెక్క గలదు గాని మగ్గమునకు లెక్క లేదు. జపాను బట్టతోడను దేశపు మిల్లుబట్టతోడను నొక్కమాఱే పోరాడుచుండిన చేనేతవాని కీ మితి సగము మేలే చేసెను.

1974 మొదలు అనేకదేశముల నడుమ నమలైన వస్త్రపరిమితుల యేర్పాటు 2005 జనవరి 1వ తేదీతో నంతరించెను. అందును దెగల విభాగము గలదు. మితిని నిర్ణయించువారు మొదట లక్షణమును, పిదప లక్ష్యమైన జనులను జక్కఁగాఁ బరిశీలింపవలెనని యీ చరిత్ర బోధించుచున్నది.