చల్లడం నుంచి ప్యాడ్ల నిక్కరు దాకా

డెన్వర్‌లో ఉండే మా చెల్లెలు పోయిన వారం మూడు నిక్కర్ల ఫొటోలు పంపి, "అక్కా, వీటిలో ఏది తీసుకోమంటావ్?" అని అడిగింది. వాళ్ళ అబ్బాయి ఈ చలికాలం స్నోబోర్డింగ్ నేర్చుకుంటాడట. ఒకే పలక మీద రెండు కాళ్ళూ బిగించుకుని మంచుకొండ మీంచి జారే ఆట అది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు రోజంతా కూలబడుతూనే ఉంటారు కాబట్టి, వెనకా పక్కలా మెత్తలు పెట్టి కుట్టిన నిక్కరు లోపల వేసుకోవాలట. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని అనంతపురం మనిషిని అడగడమేమిటంటారా? రెండేళ్ళుగా ఇలాంటివి వెతికి కొంటున్నదాన్ని మా ఇళ్ళల్లో నేనొక్కదాన్నే. మా పాప సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. మా అత్తమ్మ సంగతి తర్వాత చెప్తాను.

నిక్కరుకి మనకో పాతమాట ఉంది, చల్లడం. మన పక్క కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర నిఘంటువులో కూడా కనిపిస్తుంది. బంట్లూ మల్లులూ తొడలదాకా తొడుక్కునేది. అయితే అది ఒట్టి గుడ్డ. మనవాళ్ళు మెత్త వేసింది బరువుకి. బిందె కింద చుట్టకుదురు, గుర్రం మీద జీను, ఎద్దులబండిలో గడ్డి మీద పరిచిన బొంత. మోసేవాళ్ళకు మెత్త దొరికింది గానీ పడేవాళ్ళకు దొరకలేదు.

పడేవాళ్ళ సంగతి అమెరికాలో కూడా ఆలస్యంగానే మొదలైంది, అదీ మగవాళ్ళతో. 1874లో బోస్టన్ వీధుల్లో రాళ్ళు పరిచిన బాటల మీద సైకిళ్ళు తొక్కేవాళ్ళ అవస్థ చూసి, చికాగోలోని షార్ప్ అండ్ స్మిత్ కంపెనీకి చెందిన బెన్నెట్ అనే ఆయన జాక్‌స్ట్రాప్ తయారుచేశాడు. నడుముకి సాగే పట్టీ, ముందువైపు సంచిలాంటి గుడ్డ. మన తాలింఖానాల్లో కుస్తీవాళ్ళు బిగించే లంగోటాకి దూరపు చుట్టమే. తర్వాత చాలాకాలం ఆటల్లో 'రక్షణ' అంటే ముందువైపు రక్షణే. పక్కల గురించీ వెనక గురించీ పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

సాఫ్ట్‌బాల్ కూడా ఆ చికాగోలోనే పుట్టింది, 1887లో. చేతికి తొడిగే బాక్సింగ్ గ్లవ్‌ని తాడుతో ఉండలా కట్టి, చీపురుకర్రతో కొట్టారట! నాలుగు గోడల మధ్య ఆడే ఆట కాస్తా మైదానానికి వచ్చి, ఆడపిల్లల ఆటగా పేరు తెచ్చుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో మగ ఆటగాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోతుంటే, చూయింగ్ గమ్ కంపెనీ యజమాని ఫిలిప్ రిగ్లీ 1943లో ఆడవాళ్ళ బేస్‌బాల్ లీగ్ ఒకటి పెట్టాడు. 1954 దాకా నడిచింది. అందులోకి వచ్చిన అమ్మాయిల్లో చాలామంది సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్ళే.

నన్ను ఆపేసింది వాళ్ళ బట్టల సంగతి. ఆట మగవాళ్ళలా ఆడాలి, కనిపించడం మాత్రం ముద్దుగా కనిపించాలి. అందుకని మోకాళ్ళ పైకి ఉండే గౌను తొడిగారు. లిప్‌స్టిక్కు ఎలా వేసుకోవాలో, ఎలా కూర్చోవాలో నేర్పడానికి క్లాసులు కూడా పెట్టారు. ఈ ఆటలో బేస్ అందుకోవాలంటే పరుగు మధ్యలో తొడ మీద నేలకి ఒరిగి జారాలి. మగ జట్లకి మోకాళ్ళు కప్పే లాగులు ఉంటే, ఈ పిల్లలు ఒట్టి తొడలతో మట్టి మీద జారారు. చర్మం చెక్కుకుపోయి ఎర్రగా పుండ్లు పడేవి. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'స్ట్రాబెర్రీలు'. ఒకటి మానకముందే మళ్ళీ ఆట, దాని మీదే మళ్ళీ జారడం. అందమైన గౌను కుట్టించినవాళ్ళకి లోపల రెండంగుళాల మెత్త కుట్టించాలని ఎందుకు తోచలేదో!

ఇక మంచు పలక. మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ 1965 క్రిస్మస్ రోజున కూతుళ్ళ కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఇచ్చిన ఆటవస్తువుతో ఇది మొదలైంది. 1977లో జేక్ బర్టన్ వెర్మాంట్ రాష్ట్రంలో బోర్డుల కంపెనీ పెట్టాడు. 1998లో నగానో ఒలింపిక్స్‌కి వెళ్ళింది. తమాషా ఏమిటంటే, అదే 1977లో అదే వెర్మాంట్‌లో ముగ్గురు ఆడవాళ్ళు రెండు జాక్‌స్ట్రాపులు కలిపి కుట్టి, పరుగెత్తే ఆడవాళ్ళ కోసం మొదటి స్పోర్ట్స్ బ్రా తయారుచేశారు. మగవాళ్ళ లంగోటాతో ఆడవాళ్ళకి కలిగిన మేలు అదొక్కటేనేమో.

స్కీయింగ్‌లో కాళ్ళు విడివిడిగా ఉంటాయి. బోర్డు మీద రెండూ కట్టేసి ఉంటాయి కాబట్టి, పడబోయే మనిషి అడుగు వేసి నిలదొక్కుకోలేడు. ముందుకి పడితే చేతులు ఆనిస్తాడు, మణికట్టు దెబ్బతింటుంది. వెనక్కి పడితే ముడ్డిపూస. అందుకే చెల్లెలికి చెప్పాను, వెనక ముడ్డిపూస మీదా, రెండు పక్కల తుంటి మీదా, మూడుచోట్లా మెత్త ఉన్నదే తీసుకో, నిక్కరుతోపాటు మణికట్టు పట్టీలు కూడా కొను అని. వాడు ఎదిగే పిల్లాడని ఒక సైజు పెద్దది కొందామనుకుంది, వద్దన్నాను. వదులైతే పడే సమయానికి మెత్త ఎముక మీంచి పక్కకి జరుగుతుంది.

మెత్తల్లో రెండు రకాలు. ఒకటి చెప్పుల అడుగున వాడే ఈవీఏ ఫోమ్. బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు అవతలి వేలు తగిలిందా, పక్కన పెట్టేయండి. రెండోది డీత్రీఓ లాంటిది. రిచర్డ్ పామర్ అనే స్నోబోర్డరే కనిపెట్టాడు. మామూలుగా మెత్తగా ఉండి, దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడుతుంది. ఎలాగంటే, గిన్నెలో కార్న్‌ఫ్లోర్ చిక్కగా కలిపి వేలు మెల్లగా పెట్టండి, దిగిపోతుంది. గుద్దితే గోడలా ఆపుతుంది. మా పాపకి వంటింట్లో అలాగే చూపించాను. ధర మాత్రం మొదటిదానికి రెండు మూడింతలు.

పాపకి నేను కొన్నది మొదటి రకమే. సాఫ్ట్‌బాల్‌లో ఒక పక్కకి ఒరిగి జారతారు కాబట్టి మెత్త తుంటి మీదా తొడ పక్కనా ఉండాలి. వెనక మెత్త దండగ, పైగా ఉక్క. ఏటా అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే నేల మనది. ఎర్ర గరుసు ఎండి పెంకులా ఉంటుంది. ఊరి బయట ఆర్డీటీ మైదానాల్లో పచ్చిక ఉంది గానీ, పిల్లలు రోజూ సాధన చేసే బడి మైదానాల్లో ఏముంది, గరుసే. మన బండ్లపల్లి నుంచి వచ్చిన బారెడ్డి అనూష 2023లో భారత జట్టుకి ఆడాక ఆడపిల్లని ఆటలకి పంపడం మీద మా బంధువుల్లో నోళ్ళు కొంత తగ్గాయి. "ఆ నిక్కరేంది, నడుము లావుగా అగపడదా?" అన్నవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. తొడ మీద పుండు అగపడితే పర్వాలేదు కాబోలు.

ఇప్పుడు అత్తమ్మ సంగతి. పోయిన సంక్రాంతికి తడిసిన తాడిపత్రి బండ మీద జారి పక్కకి పడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. రెండో తుంటి గురించే మా భయం. వెతికితే తెలిసింది, ముసలివాళ్ళ కోసం ఇలాంటి నిక్కర్లే ఉన్నాయని, వాటికో చరిత్ర ఉందని. 1993లో డెన్మార్క్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొడిగించి చూస్తే తుంటి విరగడం సగానికి పైగా తగ్గింది. తొడుక్కోమని ఇచ్చినవాళ్ళలో ఎముక విరిగినవాళ్ళు పడే సమయానికి దాన్ని వేసుకుని లేరట. తర్వాత చేసిన పరిశీలనల్లో ఆశ్రమాల్లో కొంత మేలు కనబడింది గానీ, ఇళ్ళల్లో ఉండేవాళ్ళ విషయంలో అంత స్పష్టంగా కనబడలేదు. ఇళ్ళల్లో తొడుక్కుంటే కదా!

అత్తమ్మా అంతే. "చీర కింద బొంతలు కట్టుకోమంటావేందిమే!" అని విసిరేసింది. అసలు ఇబ్బంది రెండు రోజుల తర్వాత గానీ చెప్పలేదు. రాత్రి బాత్రూంకి తొందరగా వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఆ బిగువు ఎలాస్టిక్ కిందికి లాగడం ఆమె చేతుల వల్ల కాలేదు. ఆ తొందరలో మళ్ళీ పడుతుంది కదా మరి. టైలరు దగ్గరికి తీసుకెళ్ళి మెత్తటి కాటన్‌తో, తేలిగ్గా విప్పుకునేలా ముందు నాడాతో కుట్టించాను. కొన్నదాంట్లోంచి తీసిన ప్యాడ్లు పెట్టడానికి పక్కన జేబులు. తుంటి పక్కన చేత్తో తడిమితే తగిలే ఎముక మీద సుద్దతో గుర్తుపెట్టి, సరిగ్గా దాని మీదికి వచ్చేలా. రెండు జతలు. పగలు తొడుక్కోదు, రాత్రి పడుకోబోయే ముందు మాత్రం తనే అడిగి తీసుకుంటుంది. బాత్రూంలో బండలు తీసి గరుకు టైల్స్ వేయడానికి మేస్త్రీ గురువారం వస్తానన్నాడు.