క్రాస్‌బౌ బద్దల మన్నిక

క్రాస్‌బౌ అంటే కొయ్య దిమ్మకు అడ్డంగా బిగించిన విల్లు. ఎక్కుపెట్టిన నారిని చేతికి బదులు ఒక కొక్కెం పట్టి ఉంచుతుంది. మీట నొక్కితే వదులుతుంది. నారిని లాగినప్పుడు వంగి శక్తిని దాచుకునేవి దిమ్మకు రెండు పక్కలా ఉన్న బద్దలు. రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్రలో ఈ బద్దలను చెక్కతోను, కొమ్ముతోను, ఉక్కుతోను, గాజుపీచుతోను చేశారు. పదార్థం మారినప్పుడల్లా ఒక బలహీనత తీరింది, మరొకటి వచ్చి చేరింది.

బద్ద మీద పడే భారం

బద్ద వంగినప్పుడు లక్ష్యం వైపు ముఖం సాగుతుంది, విలుకాడి వైపు ముఖం నొక్కుకుపోతుంది. సాగే వైపు పగులు పుడుతుంది, నొక్కుకునే వైపు పీచు నలిగి ముడత పడుతుంది. బద్ద ఎంత పొట్టిదైతే వంపు అంత తీవ్రం.

బాణానికి అందే శక్తి లాగిన బలం మీదే కాక, లాగిన దూరం మీద కూడా ఆధారపడుతుంది. ఇంగ్లిష్ లాంగ్‌బో నారిని సుమారు 70 సెంటీమీటర్లు లాగితే, మధ్యయుగపు ఐరోపా ఉక్కు క్రాస్‌బౌ నారి 15–18 సెంటీమీటర్లకు మించి కదిలేది కాదు. ఆ లోటు పూడ్చడానికి బద్దను అనేక రెట్లు బిరుసుగా చేయాల్సి వచ్చింది.

చెక్క, కొమ్ము

చైనాలో క్రాస్‌బౌ యుద్ధరాజ్యాల కాలం నాటికే వాడుకలో ఉంది. షియాన్ దగ్గర 1974లో బయటపడిన మట్టి సైనికుల గుంటల్లో కంచు మీటలు చెక్కుచెదరకుండా దొరికాయి. వాటికి అమర్చిన విల్లులు మాత్రం చాలావరకు మట్టిలో కలిసిపోయాయి. చైనా విల్లుల్లో మీట దిమ్మ చివరన ఉండేది. అందువల్ల నారిని ఎక్కువ దూరం లాగే వీలుండి, బద్దపై ఒత్తిడి తగ్గేది.

గ్రీకులు గాస్ట్రాఫెటీస్ అనే క్రాస్‌బౌకు చెక్క, కొమ్ము, స్నాయువు కలిపిన విల్లు వాడారు. కొమ్ము నొక్కుడును, స్నాయువు సాగుడును బాగా ఓర్చుకుంటాయి. అయినా ఇంకా పెద్ద బాణాలు విసరాలనుకున్నప్పుడు అటువంటి విల్లు చాలలేదని, అందుకే పేనిన స్నాయువు కట్టల్లో చేతులు గుచ్చిన యంత్రాలు వచ్చాయని అలెగ్జాండ్రియాకు చెందిన హీరోన్ రాశాడు.

మధ్యయుగపు ఐరోపాలో యూ చెక్క బద్దలతో పాటు కొమ్ము, స్నాయువుల బద్దలూ నడిచాయి. వీటికి శత్రువు తేమ. జంతువుల నుంచి తీసిన జిగురు తడికి మెత్తబడి పొరలు విడిపోయేవి. అందుకే పైన బర్చ్ చెట్టు బెరడో, తోలు కాగితమో అంటించి రంగు పూసేవారు.

ఉక్కు

14, 15 శతాబ్దాల్లో ఉక్కు బద్దలు వ్యాపించాయి. వానకు చెడని, జిగురుతో పనిలేని ఈ బద్దలతో అంతకుముందు ఊహించని బలం సాధ్యమైంది. రాల్ఫ్ పేన్-గాల్వే 1903లో ప్రచురించిన తన గ్రంథంలో 1,200 పౌండ్ల బలం కావలసిన పాత ఉక్కు క్రాస్‌బౌను వర్ణించాడు. దానితో వేల్స్‌లోని మెనాయ్ జలసంధి మీదుగా 400 గజాలకు పైగా బాణం వేశాడు.

నాటి ఉక్కులో చిట్టెం పూర్తిగా పోయేది కాదు. లోపల మిగిలిన చిట్టెం రేణువు దగ్గర సన్నని పగులు మొదలై, ఎక్కుపెట్టిన ప్రతిసారీ కొంచెం పెరిగి, ఒకరోజు బద్ద ఒక్కసారిగా రెండు ముక్కలయ్యేది. గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసెక్కడం మరో చిక్కు. అందువల్లే ఉక్కు వచ్చిన తర్వాత కూడా జర్మన్ ప్రాంతాల్లో శీతకాలపు వేటకు కొమ్ము బద్దలను వదులుకోలేదు. పైగా ఉక్కు బరువైనది. దాచుకున్న శక్తిలో చాలా భాగం బద్ద తనను తాను కదిలించుకోవడానికే ఖర్చయ్యేది.

గాజుపీచు

20వ శతాబ్దం మధ్య నుంచి గాజుపీచును రెసిన్‌తో అతికించిన తేలికైన బద్దలు వచ్చాయి. హాలెస్ విల్బర్ అలెన్‌కు 1969లో పేటెంట్ వచ్చిన కాంపౌండ్ విల్లు చక్రాలు తర్వాత క్రాస్‌బౌలకూ చేరాయి. వీటిలో బద్ద కొద్దిగా వంగితే చాలు, నారి ఎక్కువ దూరం కదులుతుంది.

విరగడానికి కారణాలు

అన్ని కాలాల బద్దలకూ ఉమ్మడి ప్రమాదం బాణం లేకుండా నారిని వదలడం. దీన్ని డ్రై ఫైర్ అంటారు. బాణంతో వెళ్లిపోవాల్సిన శక్తి బద్దలకే తిరిగి తగులుతుంది. మరీ తేలికైన బాణం వాడినా కొంతవరకు ఇదే జరుగుతుంది. కొలతకు పొట్టిదైన నారి బద్దను మొదటి నుంచే అతిగా వంచుతుంది. చాలాసేపు ఎక్కుపెట్టి ఉంచిన చెక్క విల్లు ఆ వంపుకే అలవాటుపడి బలం కోల్పోతుంది.

గాజుపీచు బద్ద అంచున పడిన చిన్న గీత కూడా పీచు వెంట చీలికగా సాగగలదు. దిమ్మకు బిగించే చోట, చక్రపు ఇరుసు రంధ్రాల దగ్గర ఒత్తిడి ఒకేచోట పోగవుతుంది. ఎండలో మూసి ఉంచిన కారులో వదిలేస్తే వేడికి రెసిన్ పట్టు సడలుతుంది.

పాత ఉక్కు బద్దలో లోపలి పగులు కంటికి ఆనేది కాదు. గాజుపీచు చాలాసార్లు తెల్లటి చారలతోనో, పైకి లేచిన పీచుతోనో ముందే ఆనవాలు ఇస్తుంది. అందుకే వాడేవారు నారి దించి ఉన్నప్పుడు బద్ద మీద దూది ఉండను అంచుల దాకా రాసి చూస్తారు. దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ చీలిక మొదలైనట్టు. అలాంటి బద్దను మళ్లీ ఎక్కుపెట్టకుండా పక్కన పెడతారు.