మరబొమ్మకు జబ్బు చేస్తే

శివరాత్రికి ఏడుపాయల జాతరలో మా మనవడు పట్టుబట్టి కొనిపించుకున్న రోబో, ఉగాది వెళ్లిన నాలుగో రోజున మంచం పట్టింది. మీట నొక్కితే కళ్లల్లో ఎర్రదీపం లేదు, కాలు కదపదు, పలుకూ ఉలుకూ లేదు. వాడేమో దాన్ని దిండు మీద పడుకోబెట్టి, తువ్వాలు కప్పి, అన్నం మానేసి కూచున్నాడు. మావారు అటూ ఇటూ తిప్పి చూసి, "పారెయ్యి, ఇంకోటి కొందాం" అనేశారు. పాతికేళ్లు ఒకే ట్రాన్సిస్టరుకి తాడు కట్టి వాయించిన మనిషి నోట ఈ మాట వినేసరికి నాకు చివుక్కుమంది. వాడి మొహం చూస్తే ఇంకా కష్టంగా అనిపించింది. సరే, నేనే చూస్తానని స్క్రూడ్రైవరు తీసుకుని, చర్చి గోపురం కనిపించే మా డాబా మీద చాప పరుచుకుని కూచున్నాను.

పక్కనే పత్తితో వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు అడిగారు. "ఏం పేరు బిడ్డా, దానిది?"

"రోబో, అత్తమ్మా."

"అంటే?"

అంటే ఏమిటో చెప్పాలంటే మెదక్ నుంచి చెకోస్లొవేకియా దాకా వెళ్లాలి. అక్కడ కారెల్ చాపెక్ అనే రచయిత 1920లో ఒక నాటకం రాశాడు. 1921 జనవరిలో అది రంగస్థలం ఎక్కింది. కృత్రిమంగా మనుషుల్ని తయారుచేసి పనికి అమ్మే ఫ్యాక్టరీ కథ అది. ఆ పనివాళ్లకి ఏం పేరు పెట్టాలో తోచక వాళ్లన్న జోసెఫ్‌ని అడిగితే, ఆయన 'రోబోట్' అన్నాడట. చెక్ భాషలో 'రోబోతా' అంటే, జమీందారు పొలంలో రైతు కూలి లేకుండా చెయ్యాల్సిన పని.

"అంటే వెట్టి" అన్నారు అత్తగారు, వత్తి చెయ్యడం ఆపకుండానే.

నేను తెల్లబోయాను. ఇంగ్లీషు నిఘంటువులు రెండు మూడు వాక్యాల్లో చెప్పేది ఆవిడ ఒక్క మాటలో తేల్చేశారు. ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? "మా అమ్మను తెల్లారకముందే గడీకి పిలిపిచ్చుకునేటోల్లు. వడ్లు దంచాలె, పిండి విసరాలె. పైస లేదు. నేను కొంగు పట్టుకోని పొయ్యేదాన్ని" అన్నారు. చాపెక్ దేశంలో ఆ రోబోతా 1848లో రద్దయింది. సరిగ్గా వందేళ్ల తర్వాత, 1948లో నిజాం పాలన ముగిసేనాటికి కూడా మన పల్లెల్లో వెట్టి ఉంది. వెట్టిచాకిరీని నిషేధిస్తూ దేశమంతటికీ చట్టం రావడానికి 1976 దాకా పట్టింది. అన్నట్టు, చాపెక్ నాటకంలో ఆ రోబోలు చివరికి తిరగబడతాయి సుమండీ. రేకు ఒళ్లూ, ఇనుప కాళ్లూ తర్వాత వాళ్లు తగిలించినవే. నాటకంలో అవి అచ్చం మనుషుల్లాగే ఉంటాయి.

పేరు కొత్తదే గాని కదిలే బొమ్మల మీద మోజు కొత్తది కాదు. పదకొండో శతాబ్దంలో భోజరాజు రాసిన 'సమరాంగణ సూత్రధారం'లో యంత్రాలకి ఒక అధ్యాయమే ఉంది. తాళానికి తగ్గట్టు ఆడే బొమ్మ, దీపంలో నూనె పోసే బొమ్మ అందులో కనిపిస్తాయి. ఎలా చెయ్యాలో మాత్రం పూర్తిగా చెప్పడు. తెలియక కాదు, రహస్యం కాపాడటానికే చెప్పడం లేదంటాడు. ఆవకాయ రుచి చూపించి, కొలతలు అడిగితే మాట మార్చే మా ఎదురింటావిడ గుర్తొచ్చింది నాకు.

ఇక వైద్యం. రోబో వీపు మీద మూత తీసి చూద్దును గదా, పెన్సిల్ సెల్లు రెండూ కారిపోయి, స్ప్రింగుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. నెల్లాళ్లు వాటిని లోపలే ఉంచేశాం, తప్పు మాదే. అవి ఆల్కలైన్ సెల్లు. అవి కారితే వచ్చేది క్షారం. దూదికి రెండు చుక్కల నిమ్మరసం అద్ది తుడిస్తే బుసబుసమని పొంగి వదిలింది. రాగి చెంబు చింతపండుతో తోముకునే మనకి ఇదేం కొత్త విద్య? మామూలు చవక సెల్లయితే కారేది ఆమ్లం గనుక తినేసోడా నీళ్లతో తుడవాలి. ఏదైనా చేతికి గుడ్డో తొడుగో ఉండాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. తడి ఆరాక స్ప్రింగుల్ని గరుకు కాగితంతో రుద్ది కొత్త సెల్లు వేశాను. కళ్లు ఎర్రగా వెలిగాయి! లోపల గుర్రుమని చప్పుడు కూడా వచ్చింది. కాళ్లు మాత్రం కదల్లేదు.

మావారు "చెప్పానా?" అన్న చూపు చూశారు.

ఆ చూపుకి జవాబుగా ఆయనకి రెండు కథలు చెప్పాను. 1928లో అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌కి ఒక కుటుంబం వాళ్లు ఒక పాడైపోయిన ఇత్తడి యంత్రాన్ని అప్పగించారు. కలం పట్టి రాసే బాలుడి బొమ్మ అది. ఎవరు చేశారో సరిగ్గా తెలియదు. దాతలు చెప్పిన పేరు ఇంకెవరిదో. అక్కడి మెకానిక్ ఓపిగ్గా ఒక్కొక్క భాగమే బాగుచేసి తాళం తిప్పితే, ఆ బొమ్మ నాలుగు చిత్రాలు గీసి, మూడు పద్యాలు రాసి, ఆఖరి పద్యం అంచున తనను చేసినవాడి పేరు తనే రాసింది! మైయార్దే అని, 1800 ప్రాంతాల లండన్‌లో ఉన్న స్విస్ పనివాడు. పారేసి ఉంటే ఆ పేరు మట్టిలో కలిసిపోయేదే గదా?

రెండోది మన దక్షిణాదిది. మనిషి మీద పడి గాండ్రించే టిప్పు సుల్తాను కొయ్యపులి. 1799లో శ్రీరంగపట్నం నుంచి ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయారు. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మ్యూజియం కప్పు దాని మీద కూలి వందల ముక్కలయింది. ఆ ముక్కలన్నీ ఏరి అతికించి 1947 నాటికి మళ్లీ నిలబెట్టారు. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడ్డపాయన్ని చూడటానికి హైదరాబాదు వెళ్లిన ప్రతిసారీ గంటకి ముందే వెళ్లి కూచుంటాం. ఆ గడియారంలో ఎన్ని వందల భాగాలున్నాయో! ఎవరో ఒకరు నూనె వేసి చూసుకోబట్టే గదా, ఆయన ఇప్పటికీ బయటికొస్తున్నాడు.

మావారు మాట్లాడకుండా కళ్లజోడు పెట్టుకుని, టార్చి పట్టుకుని నా పక్కన కూచున్నారు. అంతే చాలు.

మోటారు తిరుగుతోందంటే కరెంటు సరిగ్గానే అందుతోందన్నమాట. జబ్బు మోటారుకీ కాలికీ మధ్యనే ఉండాలి. ఆరు మరలూ విప్పి, విప్పిన వరసలోనే స్టీలు పళ్లెంలో పెట్టాను. లోపల చిన్న చిన్న పళ్లచక్రాలు. వాటి ఇరుసుకి దారంలా ఏదో బిగుసుకుని ఉంది. టార్చి దగ్గరగా పెట్టారు మావారు. వెంట్రుక! సగం తెలుపు, సగం గోరింటాకు ఎరుపు. ఇంట్లో అలాంటి జుట్టు ఎవరికుందో వేరే చెప్పక్కర్లేదు. దువ్వుకున్నాక నేల మీద మిగిలింది, గదంతా నడిచే రోబో కాళ్లకి చుట్టుకుంది. నిన్నటిదాకా అమ్మినవాణ్ణి తిట్టిన నేను నోరు మూసుకుని బ్లేడుతో కోసి, పట్టకారుతో లాగి, ఇరుసుకి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను.

మళ్లీ బిగించాక పళ్లెంలో ఒక మర మిగిలింది. దాని సంగతి మావారికి ఇప్పటిదాకా చెప్పలేదు.

మీట నొక్కగానే రోబో కొంచెం ఎడమకి ఒరుగుతూ గోడ దాకా నడిచింది. వాడు చప్పట్లు కొట్టి, అన్నం కంచం తెచ్చుకుని దాని ఎదుటే తిన్నాడు. ఆ తర్వాత పొద్దు వాలేదాకా దాన్ని డాబా ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి నడిపిస్తూనే ఉన్నాడు. అత్తగారు చాలాసేపు చూసి, వత్తుల డబ్బా మూత పెట్టి అన్నారు:

"ఇగ చాలు బిడ్డా. జరసేపు దాన్ని కూసోనియ్యి."