కర్ణిక కథ



ముప్పైయేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. కర్ణిక అంటే తామరదుద్దు అనీ, చెవికమ్మ అనీ పిల్లలకు అర్థం చెబుతూ వచ్చాను. గుండె పైగదికి కూడా అదే పేరని ఎరుగుదును. కానీ ఆ మాట బరువు మా అన్నయ్యగారి విషయంలోనే తెలిసింది.

2004లో ఆయనకు బైపాస్ శస్త్రచికిత్స చక్కగా జరిగింది. గుండె లయ తప్పుతోందన్న సంగతిని ఇంట్లో మేమెవ్వరమూ పెద్దగా పట్టించుకోలేదు. నాలుగు నెలలకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. భాగవత పద్యాలు కంఠతా వచ్చిన మనిషి చివరి ఆరేళ్ళూ సైగలతో గడిపారు. గుండె బాగుపడ్డాక మెదడెందుకు దెబ్బతిన్నది? ఆ ప్రశ్నే నాచేత ఈ చరిత్ర చదివించింది.

కర్ణిక లయ తప్పి అదరడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు అందులోని రక్తం సరిగా కదలక గడ్డకడుతుంది. ఎడమ కర్ణికను ఆనుకొని చెవితమ్మె వంటి చిన్న సంచి ఒకటున్నది. గడ్డలు ఎక్కువగా పుట్టేది అక్కడే. అవి జారి మెదడుకు చేరితే పక్షవాతం. లాటిన్‌వారు దానిని చిన్న చెవి అనే అర్థంలో ఆరిక్యులా అన్నారు. మన కర్ణికలోనూ చెవే ఉన్నది!

ఆ సంచిని కోసి తీసివేయడాన్ని గురించి అమెరికాలో జాన్ మాడెన్ అనే శస్త్రవైద్యుడు 1949లోనే ప్రకటించాడు. రుమాటిక్ గుండెజబ్బు లేకపోయినా ఈ లయదోషం ఉన్నవారికి పక్షవాత భయం ఐదు రెట్లకు పైగా ఎక్కువని 1978లో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం తేల్చింది. అయినా, వేరే కారణానికి గుండెను తెరిచినప్పుడే ఆ సంచినీ మూసివేస్తే మేలా అన్నదానికి గట్టి జవాబు 2021 దాకా రాలేదు. కెనడా వైద్యుడు రిచర్డ్ విట్‌లాక్ నాయకత్వాన 27 దేశాలలో, ఈ లయదోషమున్న 4,770 మందిని పరిశీలించారు. సుమారు నాలుగేళ్ళలో పక్షవాతం గానీ, మరోచోట గడ్డ అడ్డుపడడం గానీ సంచి మూసినవారిలో నూటికి 4.8 మందికి, మూయనివారిలో 7 మందికి కలిగింది. వారిలో అధికులు రక్తం గడ్డకట్టనివ్వని మందులూ వాడుతూనే ఉన్నారు. కనుక ఇది మందుకు తోడే గాని బదులు కాదు.

1949కీ 2021కీ నడుమ 72 ఏళ్ళు. అన్నయ్య ఆ నడిమి కాలంలో పడిపోయారు. వైద్యులను తప్పుపట్టను, నాటికి వారి చేతిలో రుజువు లేదు. మీ ఇంట ఎవరికైనా గుండె ఆపరేషన్ అనుకున్నప్పుడు మాత్రం లయ సంగతి ఒక్కమాట అడగండి. మాకు అడగడం తెలియలేదు.