‘రన్’ అంటె ఉత్త ఉరుకుడే కాదు

ఇంగ్లిష్ల ‘రన్’ అనేది మూడక్షరాల మాట. ఒకటో తరగతి పోరన్ని అడిగినా ‘ఉరుకుడు’ అని చెప్తడు. అది తప్పేం కాదు. కాని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కోసం పీటర్ గిల్లివర్ అనే ఆయన గీ ఒక్క మాటను పట్టుకోని తొమ్మిది నెలలు కూసున్నడు. క్రియగనే దీనికి 645 అర్థాలు తేలినయి. 1989ల వచ్చిన రెండో ముద్రణల ఎక్కువ అర్థాలున్న మాట ‘సెట్’. ఇప్పుడు దాన్ని ‘రన్’ దాటిపోయింది.

645 మనకేం జేసుకోను? దినాం పనికొచ్చేటివి ఒక పదిహేను తెలిస్తె చాలు. అండ్ల రెండు మాత్రం బతుకును అటిటు చేసేటివి. ఆ ముచ్చట ఆఖరున చెప్త.

కాళ్లతోని ఉరుకుడు

2022ల తెలంగాణ పోలీసు నోటిఫికేషన్ పడ్డప్పుడు మొగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల రన్నింగ్ పెట్టిన్రు. గ్రౌండ్ల గెలిచినంక రాత పరీక్షల మళ్ల ఇంగ్లిష్ ఉంటది. అందుకే ఉరుకుడుకు ఉన్న వేరే మాటలు సుత ఎర్కుండాలె.

మెల్లగ, ఒక్క తీరుగ ఉరికితె ‘జాగ్’. కొంచెం దూరం ఉన్న బలమంత పెట్టి ఉరికితె ‘స్ప్రింట్’. వానొస్తుంటె గబుక్కున ఇంట్లకు ఉరికితె ‘డ్యాష్’. పోటీ పడి ఉరికితె ‘రేస్’. ఆగమాగం పోతె ‘రష్’. ఒకరి ఎంటబడి ఉరికితె ‘చేజ్’. పానం కాపాడుకునేతందుకు పారిపోతె ‘ఫ్లీ’. అన్నీ ఒక్కటే అనుకోని ఒకదాని జాగల ఒకటి పెడితె కుదరది. 1600 మీటర్లు ఎవ్వరూ స్ప్రింట్ చెయ్యరు, ఆఖరి వంద మీటర్లే చేస్తరు.

పరీక్షల మస్తు మంది తడబడే జాగ ఇంకోటుంది. ఇయ్యాల ‘రన్’, నిన్న ‘ర్యాన్’, ‘హ్యావ్’ ఎనుక వస్తె మళ్ల ‘రన్’. ‘రన్నెడ్’ అనే మాటే లేదు.

మనం నడుపుతం, వాళ్లు ఉరికిస్తరు

అసలు చిక్కు ఇక్కడుంది. మన భాషల బస్సు నడుస్తది, బోరు నడుస్తది, దుకాణం నడుస్తది, సంఘం నడుస్తది, ఆఖరికి సంసారం సుత నడుస్తది. ఇంగ్లిష్ల ఇవన్నీ ఉరుకుతయి. ‘ది మోటర్ ఈజ్ రన్నింగ్’ అంటె మోటరు నడుస్తున్నదని. ‘షీ రన్స్ ఎ షాప్’ అంటె ఆమె దుకాణం నడుపుతున్నదని. ఈడ ‘వాక్’ అని రాస్తె దుకాణం కాళ్లొచ్చి పోయినట్టు అయితది. దరఖాస్తుల పెద్దతనంగ రాయాల్నంటె మిషన్లకు ‘ఆపరేట్’, దుకాణానికి, సంఘానికి ‘మేనేజ్’ అని పెట్టున్రి.

నీళ్లు కాలువల పారితె సుత రన్నే. దానికి ఇంకో మాట ‘ఫ్లో’. సర్దయి ముక్కు కారితె ‘రన్నింగ్ నోస్’. కొత్త చీర ఉతికినప్పుడు రంగు దిగితె సుత రన్ అంటరు. షుగర్ బీమారి తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి కొడుక్కు వస్తె ‘రన్స్ ఇన్ ది ఫ్యామిలీ’.

ఎలక్షన్ల ముచ్చట ఇంకా మజా ఉంటది. అమెరికల లీడరు ఎలక్షన్ల ‘ఉరుకుతడు’, రన్ అంటరు. బ్రిటన్ల ‘నిలబడతడు’, స్టాండ్ అంటరు. మనూర్ల సుత సర్పంచికి నిలబడ్డడనే అంటం. మన దేశంల ఇంగ్లిష్ పేపర్లు ఎక్కువగ రాసేది ‘కంటెస్ట్’. పరీక్షల మూడిట్ల ఏది కనపడ్డా బెదరకున్రి, ముచ్చట ఒక్కటే.

తోక మారితె అర్థం మారుతది

రన్ ఎనుక చిన్న మాట ఒకటి తగిలితె అర్థమే వేరయితది. ‘రన్ అవుట్ ఆఫ్’ అంటె అయిపోవుడు: బండ్ల పెట్రోలు, ఇంట్ల నూనె, జేబుల పైసలు. క్రికెట్ల ‘రన్ అవుట్’ అయితె మనిషే అయిపోతడు. ‘రన్నింగ్ లో’ అంటె అయిపోవస్తున్నదని, ఫోన్ బ్యాటరీ లెక్క. ‘రన్ ఇంటూ’ అంటె సంతల పాత దోస్తు అనుకోకుంట ఎదురుపడుడు. ‘రన్ ఓవర్’ అంటె బండి మీదికెల్లి పోవుడు. ‘ఇన్ ది లాంగ్ రన్’ అంటె పోను పోను, ముందు ముందు అని.

హిట్ అండ్ రన్

ఇగ బతుకును అటిటు చేసే మాటల్ల మొదటిది. గుద్ది ఉరికిపోవుడు. 2024 జనవరిల లారీ డ్రైవర్లు బంద్ చేస్తె హైదరాబాద్ పెట్రోలు బంకుల కాడ లైన్లు కట్టిన్రు, యాదికుండే ఉంటది. ఆ లొల్లి అంత ఈ మాట మీదనే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(2) ఏమంటదంటె, అడ్డగోలుగ నడిపి ఒకరి పానం తీసి, పోలీసులకో మెజిస్ట్రేటుకో చెప్పకుంట పారిపోతె పదేండ్ల దాక జైలు. ఆగితె జనం కొడతరు, పోతె జైలు అని డ్రైవర్ల బుగులు. పోయి ఠాణాల చెప్తె ఈ సెక్షన్ పడదని సర్కారు చెప్పింది. అంటె జాగ ఇడిసి పోవుడు వేరు, చెప్పకుంట పారిపోవుడు వేరు. 2024 జూలై 1న సంహిత అమలైనప్పుడు ఈ ముక్కను మాత్రం పక్కకు పెట్టిన్రు.

మోటారు వాహనాల చట్టంల ఇదే మాటకు ఇంకో అర్థం ఉన్నది. ఎంత ఎతికినా గుద్దిన బండి ఏదో దొరకకపోతె దాన్ని హిట్ అండ్ రన్ అంటరు. అసొంటి కేసుల మనిషి చచ్చిపోతె ఇంటోళ్లకు 2 లక్షలు, గట్టి దెబ్బలు తాకితె 50 వేలు రావాలె. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్ల ఉన్నది. అంతకు ముందు 25 వేలు, 12,500 మాత్రమే. బండి నంబరు దొరకలే, ఇగ ఏమొస్తదని ఇంటోళ్లు ఊకుంటరు. ఊకోవద్దు. నంబరు దొరకనోళ్ల కోసమే ఈ పైసలు. ఎఫ్ఐఆర్ కాయిదం పట్టుకోని ఆర్డీవో ఆఫీసుల, తహసీల్దారు ఆఫీసుల అడగాలె.

రన్ అవే

రెండోది గల్ఫ్ మాట. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు దీని దెబ్బ తెల్వని ఊరు తక్కువ. పనికి కుదిరిన కాడ జీతం ఇయ్యక మనోడు బయటకొస్తె, యజమాని పోయి పారిపోయిండని రాయిస్తడు. సౌదీల దాన్ని ‘హురూబ్’ అంటరు, ఆ అరబ్బీ మాటకు అర్థం పారిపోవుడే. ఇంగ్లిష్ కాయిదాల మీద ‘రన్ అవే’ అనో, ‘అబ్‌స్కాండింగ్’ అనో ఉంటది. అది పడ్డదంటె అక్కడ ఉండేతందుకు ఉన్న కాయిదాలకు బలం పోతది, దొరికితె పట్టుకోని ఎల్లగొడతరు.

అందుకే ఎంబసీకి రాసినా, మదద్ పోర్టల్ల ఫిర్యాదు పెట్టినా మాట సూసి పెట్టాలె. ‘ఐ ర్యాన్ అవే’ అని రాస్తె యజమాని చెప్పిందే మన చేతితోని ఒప్పుకున్నట్టు. జీతం రాక వచ్చినోడు ‘ఐ లెఫ్ట్ బికాజ్ ఐ వాజ్ నాట్ పెయిడ్’ అని రాయాలె. లెఫ్ట్ అంటె ఇడిసి వచ్చిన అని. ఎన్ని నెలల జీతం బాకీ ఉన్నదో దాని కిందనే రాయాలె. బయటకు రాకముందే ఫిర్యాదు పెడితె ఇంకా మంచిది, తారీఖే మన సాక్ష్యం అయితది.

పర్యాయపదాలు మార్కుల కోసం బట్టీ పట్టేటివని బడిల చెప్తరు. ఠాణాల, ఎంబసీల, ఆఫీసుల కాడ మాత్రం ఒకే పనికి రెండు పేర్లుంటయి. ఒకటి కష్టజీవి పెట్టుకునే పేరు, ఇంకోటి మాలిక్ పెట్టే పేరు. ఇంగ్లిష్ నేర్సుకునుడంటె సంతకం పెట్టేముందు ఆ కాయిదం మీద ఎవరు పెట్టిన పేరు ఉన్నదో సూసుకునుడు.