నురగ కింది వేరు

రండి, ఆ కిటికీ పక్క కుర్చీ మీదే. బయట మిల్వాకీ మీద జూలై ఎండ కాస్తోంది. మీ ముందు ఐదు చిన్న గాజు గ్లాసులున్నాయి, వాటికి అంటించిన కాగితాల మీద అ, ఆ, ఇ, ఈ, ఉ. అన్నిట్లోనూ ఉన్నది రూట్ బీరే. ఏ గ్లాసులో ఏ కంపెనీదో నాకొక్కడికే తెలుసు. డబ్బాలూ సీసాలూ వంటగదిలోనే ఉంచాను. పేరు కనిపిస్తే నాలుక కన్నా ముందు కళ్లు మార్కులు వేసేస్తాయి. మీ ఎదురుగా కూర్చున్నది మా చిన్నమ్మ. అనంతపురంలో నన్నారి షర్బత్ తాగుతూ పెరిగిన మనిషి. వేరు వాసన ఆమె పట్టినట్టు పట్టేవాళ్లు నాకు ఇక్కడ కనపడలేదు. పిలిచి కూర్చోబెట్టింది అందుకే.

"బీరంటున్నావు, మత్తు గిత్తు ఉండదు కదా?" అంటోంది ఆమె.

"ఉండదు చిన్నమ్మా. ఆ అనుమానం ఈ దేశంవాళ్లకే వచ్చింది ఒకప్పుడు."

గ్లాసు ఎత్తేలోపు మీరూ వినండి. ఫిలడెల్ఫియాలో మందుల దుకాణం నడిపిన చార్లెస్ హైర్స్ 1876లో ఆ ఊళ్లో జరిగిన శతవార్షిక ప్రదర్శనలో దీన్ని జనానికి పరిచయం చేశాడు. తర్వాత ఇంట్లోనే కాచుకోమని ఎండు వేళ్లూ బెరళ్లూ ఆకులూ కలిపిన పొట్లాలు అమ్మాడు. నీళ్లు, చక్కెర, ఈస్టు చేరిస్తే ఒక్క పొట్లానికి ఐదు గాలన్లు. ఈస్టు బుడగలతో పాటు రవ్వంత ఆల్కహాలూ పుట్టిస్తుంది కదా, 1895లో మద్యనిషేధం కోరే క్రైస్తవ మహిళల సంఘం దీన్ని ముట్టొద్దంది. పరీక్ష చేయిస్తే ఒక రొట్టెలో ఉండేపాటి ఆల్కహాలు కూడా ఇందులో లేదని తేలింది. 1898లో ఆ బహిష్కారం ఎత్తేశారు. ఇప్పుడు మీ ముందున్నవైతే పులియబెట్టినవి కావు, గ్యాసు ఎక్కించినవి.

ఇక 'అ' గ్లాసు. తాగకండి, ముందు వాసన చూడండి.

"ఏంరా ఇది, మోకాళ్లకు రాసుకునే నూనె వాసనొస్తాంది!"

చిన్నమ్మ సరిగ్గా పట్టేసింది. వింటర్‌గ్రీన్ అనే పొద ఆకుల్లో, ఒక రకం బర్చ్ చెట్టు బెరడులో మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. రూట్ బీరు గ్లాసులోంచి మొదట పైకొచ్చే చల్లటి ఘాటు దానిదే. నొప్పుల బామ్‌లలో కలిపేదీ అదే. మనవాళ్లు చాలామంది మొదటి గుక్కకే మొహం తిప్పుకునేది ఇందుకే: మన ఇళ్లలో ఆ వాసన ఉండేది మందుల అరలో. ఇక్కడి పిల్లలకు అది చూయింగ్ గమ్‌లో, బిళ్ల మిఠాయిల్లో పరిచయం. మీరు మాత్రం మొహం తిప్పుకోకండి. రెండో గుక్క తీసుకుని నాలుక మీద కాస్త ఆపండి. ఘాటు తగ్గిందా? దాని కింద వెనిల్లా తెలుస్తోంది కదూ, పాలమీగడ పూసినంత మెత్తగా. ఇది ఏ అండ్ డబ్ల్యూ. 1919లో కాలిఫోర్నియాలోని లోడై ఊళ్లో రాయ్ అలెన్ పెట్టిన చిన్న దుకాణంతో మొదలైంది. మంచు పట్టిన బరువైన మగ్గులో ఇవ్వడం వాళ్ల పద్ధతి. నేను అలా ఇవ్వలేదు, కావాలనే సీసాలన్నీ ముందే ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాను. మరీ చల్లగా తాగితే నాలుక మొద్దుబారి నాసిరకం సరుకు కూడా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

పదికి ఎంత వేస్తారు? నేను ఆరు. నురగ బాగుంది, వెనిల్లా బాగుంది. మింగాక మాత్రం తీపి తప్ప ఏమీ మిగల్లేదు. నా దగ్గర ఎక్కువ మార్కులు మింగాక మిగిలేదానికే.

'ఆ' గ్లాసు మీద ఎక్కువసేపు వద్దు. పెప్సీ వాళ్ల మగ్. నురగ వెంటనే చల్లారింది, రుచి దానికన్నా ముందే. నాలుగు.

'ఇ' గ్లాసు దగ్గర చూడండి, నురగ అసలు కట్టనే లేదు. బుడగలు మాత్రం పెద్దవి, నాలుకను పొడుస్తున్నాయి. తీపి కాస్త తగ్గింది, అడుగున పులుపు జాడ ఉంది. చిన్నమ్మ ఇంకో గుక్క తీసుకుంటోంది, ఇప్పటిదాకా అడగకుండా రెండోసారి తాగింది దీన్నే. ఇది బార్క్స్. 1898లో మిసిసిపీ రాష్ట్రం బిలాక్సీ ఊళ్లో ఎడ్వర్డ్ బార్క్ మొదలుపెట్టాడు. 355 మిల్లీలీటర్ల డబ్బాలో 22 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది. మిగతా పెద్ద కంపెనీల రూట్ బీర్లలో సాధారణంగా కెఫీన్ ఉండదు. ఆరున్నర వేస్తున్నాను. కొరుకుడు ఉంది, ఒళ్లు పలచన.

"అన్నీ బాగున్నాయి గానీ, వేరేదిరా ఇందులో?"

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. ఒకప్పుడు దీనికి ప్రాణమైన వేరు సాసఫ్రాస్ అనే చెట్టుది. అమెరికా తూర్పు అడవుల్లో పెరుగుతుంది. ఆ వేరు బెరడులోని సాఫ్రోల్ వల్ల ఎలుకల కాలేయంలో కణుతులు వచ్చాయని తేలాక, 1960లో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని తినుబండారాల్లో నిషేధించింది. అప్పటి నుంచి సాఫ్రోల్ తీసేసిన సారమో, కృత్రిమ వాసనో, వింటర్‌గ్రీనో, వెనిల్లానో ఆ ఖాళీని పూరిస్తున్నాయి. నిషేధం సరైనదే. కానీ ఖాళీని పూరించడంలో పెద్ద కంపెనీలు చక్కెర మీద చూపిన శ్రద్ధ వేరు రుచి మీద చూపలేదన్నది నా బాధ.

నాలుగు బొరుగులు నమలండి, నాలుక శుభ్రపడుతుంది. ఇప్పుడు 'ఈ' గ్లాసు.

ఇక్కడ చిన్నమ్మ కళ్లు మూసుకుంది. "సోంపు... లవంగం... అతిమధురం. ఇది కషాయం కాచినోళ్ల చేతి పని." వర్జిల్స్ ఇది, 1994లో మొదలైంది. జాజికాయ, దాల్చినచెక్క కూడా ఉన్నాయి. మళ్లీ తాగండి, ఒక్కో దినుసూ ఒకదాని వెనక ఒకటి వస్తోంది, ఏదీ ఇంకోదాన్ని తొక్కేయడం లేదు. మింగాక గొంతులో అతిమధురం చాలాసేపు నిలిచింది. వింటర్‌గ్రీన్ దాని చోట అది ఉంది. ఎనిమిదిన్నర.

చివరిది 'ఉ'. ఈ ఊరిదే, స్ప్రెచర్. ర్యాండీ స్ప్రెచర్ 1985లో పెట్టిన బీరు కంపెనీ, రూట్ బీరునూ మంట మీద పాత్రల్లోనే కాస్తుంది. విస్కాన్సిన్ తేనె కలుపుతుంది. గ్లాసు వంచండి, ద్రవం గాజు మీద ఎంత బరువుగా జారుతోందో. నురగ గోధుమరంగులో పెదవికి అంటుకుంటోంది. తేనె మొదట తెలుస్తుంది, ఆ తర్వాత వెనిల్లా, ఆపైన కాలిన చక్కెర లాంటి సన్నని చేదు. ఆ చేదు దగ్గరే చిన్నమ్మ ఆగింది.

"మన నన్నారి గుర్తొస్తాంది. వేర్ల నీళ్లంటే చివర్లో రవ్వంత చేదు ఉండల్ల."

ఆమెకు అలా అనిపించడానికి ఒక కారణం చూపించగలను. నన్నారి అంటే సుగంధి పాల వేరే. దానికి ఆ పరిమళాన్నిచ్చే పదార్థమూ, వెనిల్లాకు పరిమళాన్నిచ్చే వెనిలినూ అవే పరమాణువులతో, అంతే సంఖ్యలో తయారైనవి. అమరిక ఒక్కటే మారుతుంది. సుగంధి పాలను ఇంగ్లిషువాళ్లు ఇండియన్ సార్సపరిల్లా అన్నారు. ఇక్కడి పాత రూట్ బీర్లలో పడిన వేళ్లలో సార్సపరిల్లా ఒకటి. ఆ రెండు మొక్కలకూ చుట్టరికం లేదు, వాడకంలోనే పోలిక. మన వైపు నన్నారి వేరు దంచి, కాచి, పాకం పట్టి, నిమ్మరసం పిండి, సోడా కొట్టి, సబ్జా గింజలు వేసి ఇస్తారు. వేరు సారానికి చక్కెర, దాని మీద గ్యాసు, ఇక్కడి లెక్కా అదే.

స్ప్రెచర్‌కు తొమ్మిది వేశాను. మీరు వర్జిల్స్‌నే పైన పెట్టారా? మసాలా ఘాటు ఇష్టమైనవాళ్లు అలాగే పెడతారు, నేను వాదించను. చిన్నమ్మ మాత్రం లేచి వంటగదిలోంచి నిమ్మకాయ తెచ్చి, మిగిలిన బార్క్స్‌లో సగం చెక్క పిండేసింది. తాగి చూడండి. తీపి ఇంకాస్త తగ్గింది, పులుపు నిలబడింది, పలచదనమే ఇప్పుడు హాయిగా ఉంది.

"ఇప్పుడు ఎనిమిది వెయ్‌రా దీనికి."

వెయ్యను. సీసాలోంచి వచ్చిందానికే మార్కు, ఆరున్నర ఆరున్నరే. ఆ గ్లాసు మాత్రం ఇటివ్వు చిన్నమ్మా, ఇంకో చెక్క పిండు.