దొరికిన చోటే తొలి వివరం: ఊర్ నుంచి కొండాపూర్ దాకా పురావస్తువుల నమోదు

హైదరాబాద్ పాతబస్తీలో, దారుల్‌షిఫా దగ్గరి సాలార్‌జంగ్ మ్యూజియంలో 40,000కు పైగా వస్తువులున్నాయి. వాటిలో చాలావరకు కొని తెచ్చినవే. అక్కడి ముసుగు రెబెక్కా శిల్పాన్ని చెక్కింది బెంజోని. మొదటి సాలార్‌జంగ్ 1876లో దాన్ని కొన్నారు. ఇలాంటి కళాఖండానికి శిల్పి, రాయి, కొన్న ఏడాది తెలిస్తే నమోదు చాలావరకు పూర్తయినట్టే. తవ్వకంలో బయటపడిన వస్తువుకు మాత్రం ఈ పద్ధతి చాలదు. దాన్ని చేసినవాడి పేరు దాదాపు ఎన్నడూ తెలియదు. ఏ పొరలో, వేటి పక్కన పడి ఉందన్నదే దాని చరిత్ర.

మెసొపొటేమియా నగరం ఊర్‌లో లియొనార్డ్ వూలీ 1922 నుంచి 1934 దాకా తవ్వకాలు జరిపారు. నమోదైన వస్తువులకు 'యు' అక్షరంతో వరుస సంఖ్యలిచ్చి, వివరాలను కార్డుల మీద రాశారు. 800వ సమాధిలో ఒక స్త్రీ అస్థిపంజరం భుజం దగ్గర లాపిస్ లజూలి ముద్ర దొరికింది. దాని మీద పూఅబీ అన్న పేరుంది. అదే ముద్ర ఏ బాగ్దాద్ అంగడిలోనో కనబడి ఉంటే మనకు పేరొక్కటే మిగిలేది. ఆ అస్థిపంజరం తలపై ఉన్న బంగారు శిరోభూషణం ఎవరిదో చెప్పగలిగేవాళ్లం కాదు. ఊర్ వస్తువులు బాగ్దాద్, లండన్, ఫిలడెల్ఫియాలకు చెదిరిపోయాయి. బ్రిటిష్ మ్యూజియం, పెన్ మ్యూజియం కలిసి వాటి వివరాలను మళ్లీ ఒక్క వెబ్‌సైట్‌లోకి చేర్చగలిగాయంటే అందుకు ఆధారం ఆనాటి సంఖ్యలూ కార్డులే.

మన దగ్గర ఇలా వివరాలను ఒక్కచోటికి చేర్చాల్సిన అవసరం ఉన్న చోటు కొండాపూర్. మాదాపూర్ పక్కనున్నది కాదు, సంగారెడ్డి జిల్లాలోని శాతవాహనుల కాలపు పట్టణం. గులాం యజ్దానీ నేతృత్వంలోని నిజాం పురావస్తు శాఖ 1940 దశకం మొదట్లో అక్కడ తవ్వించింది. సీసం, రాగి నాణేలు, మట్టిబొమ్మలు, రకరకాల పూసలు బయటపడ్డాయి. పూసల మీద ఎం.జి. దీక్షిత్ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. అది 1952లో హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో అచ్చయింది. ఒక్కో రకం వస్తువును అంత శ్రద్ధగా పరిశీలించడం గొప్ప పని. అయితే పూసలు ఒక పుస్తకంలో, నాణేలు మరో పుస్తకంలో చేరితే, ఒకే గదిలో కలిసి దొరికినవి విడిపోతాయి.

నాణేలు పోసే మట్టి మూసలనే తీసుకుందాం. కొండాపూర్‌లో అవీ దొరికాయి. మూస కొలిమి పక్కన, లోహపు చిట్టెం మధ్య దొరికితే అక్కడ టంకసాల ఉందనడానికి బలముంటుంది. చెత్తగుంటలో దొరికితే అంత గట్టిగా అనలేం. వస్తువు అదే, దాని సాక్ష్యం వేరు.

కొండాపూర్ వస్తువులు కొన్ని హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో, కొన్ని తవ్వకం జరిగిన చోటి మ్యూజియంలో ఉన్నాయి. రెండు చోట్ల వస్తువులనూ ఒకే పట్టికలోకి తేవాలి. అందులో మొదటి గడి వస్తువు పేరుకు కాదు, తవ్విన గుంటకూ పొరకూ కేటాయించాలి. పాత సంఖ్యలను చెరపకుండా కొత్తవాటి పక్కనే ఉంచాలి. పొర తెలియని వస్తువుకు ఆ గడిని ఊహతో నింపకుండా ఖాళీగానే వదలాలి.